నూతన అధ్యక్షురాలికి తగిన ఇల్లు

మా కొత్తరేవు పట్టణంలో వర్ణవివక్ష లేదన్న సంగతి, దానిని ఎదుర్కోవలసిందిగా ఉత్తర్వు అందిన తరువాతనే మాకు తెలిసింది.

మాది దీపస్తంభ సేవా క్లబ్బు. రక్తం ఇప్పిస్తాము, కళ్ళద్దాలు పంచుతాము, బడిపిల్లలకు పలకలు ఇస్తాము, ఇచ్చిన ప్రతి పలకతోనూ ఫొటో దిగుతాము. మాలో ప్రతి సభ్యుడూ ఒక దీపధారి. మా అందరి మీదా మండల మహాదీపధారి ఉంటారు. ఏటేటా ఆయన ఒక ఆశయాన్ని ప్రకటిస్తారు, ఏడాది తిరిగేలోగా మేము దానిని సాధించి పెడతాము. నిరుడు ప్లాస్టిక్‌ను నిర్మూలించాము. ఆ ముందటేడు కోపాన్ని నిర్మూలించాము. ఈ ఏటి ఉత్తర్వులో వాక్యాలు రెండే. ప్రతి శాఖయు వర్ణవివక్షను ముఖాముఖిగా ఎదుర్కొనవలెను. నూతన నాయకత్వమును సాదరముగా ఆహ్వానింపవలెను. రెండూ నెరవేర్చిన శాఖకు స్వర్ణదీప కవచం, అంటే బంగారు పూత షీల్డు.

ఉత్తర్వును మా కార్యదర్శి వాచస్పతి గారు నిలబడి చదివారు. ఆయన రెవెన్యూ శాఖనుంచి విరమించారు గాని, ఆ శాఖ భాష ఆయననుంచి ఇంకా విరమించలేదు.

"కావున, సదరు వివక్ష మన శాఖయందు కలదా, లేదా అను అంశము ముందుగా విచారింపవలసి యున్నది," అన్నారు.

"మన క్లబ్బులో ఎక్కడుందండీ?" అన్నారు అధ్యక్షులు సర్వేశ్వరం గారు. ఊళ్ళోని పెద్ద కల్యాణ మండపం ఆయనది. మండపం వెనుక మేడ ఆయనది, ఆ మేడ మీద ఖాళీ వాటా ఆయనది, ఆ వాటాకు వేలాడే అద్దె బోర్డు కూడా ఆయనదే. "ఇంతమందిమి ఉన్నాం. ఎవరినైనా ఎవరైనా చిన్నచూపు చూశామా?"

ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాము. చూసిన దాఖలా లేదు. చిన్నచూపు చూడడానికి తగినంత తేడా మాలో లేదు. అందరివీ పక్కపక్క వీధులు, అందరిదీ ఒకే దర్జీ, అందరమూ ఒకరింటి పిల్లను ఒకరింటికి ఇచ్చి పుచ్చుకున్నవాళ్ళం.

"లేదని తీర్మానం చేసి పంపేద్దాం," అన్నాను, సహాయ కార్యదర్శిగా నా వంతు సహాయంగా.

"లేనిచో కవచము లేదు," అన్నారు వాచస్పతి. "ఉత్తర్వు ఎదుర్కొనుమన్నది గాని, లేకుండుమనలేదు."

సభలో దిగులు కమ్ముకుంది. పక్క ఊరి శాఖకు వివక్ష దొరికి, మాకు దొరకకపోతే పరువేమవుతుందన్న బాధ ప్రతి ముఖంలోనూ కనిపించింది. అప్పుడు మా న్యాయ సలహాదారు, లాయరు ఫల్గుణరావు గారు, గొంతు సవరించుకొని మెల్లగా వెనక్కి తిరిగారు. ఆయన వెంట మేమందరమూ తిరిగాము.

చివరి వరుసలో డాక్టర్ నీమా కూర్చుని ఉన్నారు.

ఆమె టాంజానియా దేశస్థురాలు. విశాఖపట్నంలో చదువుకుని, మా ఊరి ఫార్మసీ కళాశాలలో పాఠాలు చెబుతున్నారు. మా క్లబ్బు పెట్టే మధుమేహ శిబిరాలన్నీ ఆమె చేతిమీదుగానే నడుస్తాయి. సూది ఆమె గుచ్చుతారు, రిబ్బను మేము కత్తిరిస్తాము. ఫొటోలో ఆమెను ఎప్పుడూ చివర నిలబెడతాము, ఫ్రేములో చోటు చాలకపోతే ఇబ్బంది ఉండదని.

ఆమెను అధ్యక్షురాలిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నాము. ఎన్నిక ముగిసి, చప్పట్లు ముగిసి, మిఠాయి పంచడం కూడా ముగిశాక, ఆమెను అడగలేదన్న సంగతి ఎవరికో గుర్తుకు వచ్చింది.

నీమా లేచి నిలబడ్డారు. "చాలా థాంక్సండి. కానీ నాకు పదవి వద్దండి. ఇల్లు కావాలి."

అక్కడితో ఆగకుండా వివరంగా చెప్పారు. కళాశాల హాస్టలు గదిని, కొత్త పిల్లలు వస్తున్నారు గనుక ఖాళీ చేయమన్నారు. ఆమె కూతురు అమాని టాంజానియాలో అమ్మమ్మ దగ్గర ఉంది. ఇల్లు దొరికితే, బడులు తెరిచేలోగా పాపను తెచ్చుకోవాలి. దొరకకపోతే ఉద్యోగం వదిలి ఆమే వెళ్ళిపోవాలి. ఊరంతా తిరిగారు. ఆమె తెలుగు చక్కనిది గనుక ఫోనులో ప్రతి ఇల్లూ ఖాళీగానే ఉండేది. ఆమె గుమ్మం ముందుకు వచ్చేసరికి నిండిపోయేది.

"అయ్యో, ఎంత మాట," అన్నారు సర్వేశ్వరం గారు. "ముందు పదవి స్వీకరించండమ్మా. ఇల్లు దానంతటదే వస్తుంది."

ఆ మాట మర్యాదకు అన్నారు గాని, నిబంధన ప్రకారం అది నిజంగా రావలసిందే. మా క్లబ్బుకు ఒక ఇత్తడి దీపం ఉంది. పదవీ స్వీకారం నాడు కొత్త అధ్యక్షుడు ఆ దీపాన్ని అందుకొని, ఊరేగింపుగా తన ఇంటికి తీసుకువెళ్ళి, గడప లోపల నిలపాలి. ఏడాది పొడుగునా దీపం అక్కడే ఉంటుంది. నెలవారీ సమావేశం దీపమున్న ఇంటనే జరుగుతుంది. గడప లేని అధ్యక్షుడికి దీపం లేదు, దీపం లేని అధ్యక్షుడు అధ్యక్షుడు కాడు.

ఫల్గుణరావు గారు నియమావళి తెరిచి ఈ సంగతి చదివేసరికి, అంతవరకు నీమా సొంత అవస్థగా ఉన్నది అకస్మాత్తుగా సంస్థాగత సమస్య అయింది. తక్షణమే గృహాన్వేషణ ఉపసంఘం ఏర్పడింది. ఇళ్ళ సంగతి ఇళ్ళున్నవారికే తెలుస్తుంది గనుక, ఖాళీ ఇళ్ళున్న దీపధారులనే అందులో వేశాము.

*

ఉపసంఘం మొదటి మజిలీ సర్వేశ్వరం గారి మేడ. మేము మెట్లెక్కేసరికి ఆయన నీమాకు శాలువా కప్పారు, పూలగుచ్ఛం ఇచ్చారు, తాళం మాత్రం జేబులోనే ఉంచుకున్నారు.

"చూడండమ్మా. రెండు గదులు, ఒక వంటిల్లు. ఇదివరకు మా ఫల్గుణరావు గారి గుమస్తా ఉండేవాడు. నిన్నటి దాకా మీరు మామూలు మనిషి. అడిగి ఉంటే కళ్ళకద్దుకుని ఇచ్చేవాడిని."

"పోయిన నెల అడిగానండి," అన్నారు నీమా. "మీ తమ్ముడుగారి కుటుంబం దిగుతోందన్నారు."

"వాళ్ళు దిగలేదు లెండి. ఇప్పుడు మీరు అధ్యక్షురాలు. అంతర్జాతీయ స్థాయి మనిషి. అలాంటి మీకు ఒక గుమస్తా ఉండి వెళ్ళిన వాటా ఇవ్వడమంటే ఏమిటి? మిమ్మల్ని తక్కువ చేయడం. అంటే వివక్ష. నా చేతులతో నేను వివక్ష చేయలేనమ్మా."

"ఆ గుమస్తా గారికి ఇచ్చినట్టే నాకూ ఇవ్వండి సార్. నాకు చాలు."

"అదెలాగమ్మా? అందరినీ ఒకేలా చూస్తే, మీకని ప్రత్యేకంగా గౌరవం ఏం మిగుల్తుంది?"

ఈ మాటలోని వెలుగు మా అందరి మనసుల్లోనూ ఒక్కసారి పడింది. అప్పటివరకు ఒక్కొక్కరూ ఏవేవో కారణాలు సిద్ధం చేసుకొని వచ్చారు. ఒకరికి అత్తగారు, ఒకరికి వాస్తు, ఒకరికి కింది వాటా వారి ముక్కు. ఆ కారణాలన్నీ ఇప్పుడు చిన్నవైపోయాయి. ఇంత ఉదాత్తమైన కారణం చేతిలో ఉండగా, అత్తగారిని మాటల్లోకి లాగడం ఎందుకు?

రెండవ మజిలీలో ఫల్గుణరావు గారు తమ ఇంటి ముందు నిలబడి, ఆ ఇంటిని తామే దూషించారు. సున్నం రాలుతోందన్నారు, కుళాయి కారుతోందన్నారు, ఇలాంటి కొంపలో ఒక విదుషీమణిని ఉంచితే తమ పితృదేవతలు క్షమించరన్నారు. మూడవ ఇంటి దీపధారి ఇంకొక మెట్టు ఎక్కి, ఆమె కాలు పెట్టడానికి తమ ఇంటికి అర్హత లేదని కన్నీరు పెట్టుకున్నారు. ప్రతి ఇంటి దగ్గరా ఒక శాలువా. సాయంత్రానికి నీమా చేతుల మీద శాలువాలు మడతలు మడతలుగా పేరుకున్నాయి. దాచుకోవడానికి బీరువా లేదు, బీరువా పెట్టుకోవడానికి గోడ లేదు.

ఉపసంఘం నివేదికను వాచస్పతి గారు గంభీరంగా వినిపించారు. "అధ్యక్షురాలి యోగ్యతలను, పట్టణమందలి గృహముల యోగ్యతలను సరిపోల్చి చూడగా, గృహములన్నియు అనర్హములని తేలినది. ఈ విషయమున గృహములపై సంఘము తన విచారమును ప్రకటించుచున్నది."

"అయితే నన్ను పదవిలోంచి దించేయండి సార్," అన్నారు నీమా. "అప్పుడు ఏదో ఒకటి సరిపోతుందేమో."

"ఛ, ఛ. అది మరీ వివక్షమ్మా," అన్నారు సర్వేశ్వరం గారు, నిజంగా నొచ్చుకొని.

ఇలా ఆమె గౌరవం రోజురోజుకూ పెరిగింది. ఇల్లు దొరికే ఆశ రోజురోజుకూ తరిగింది. హాస్టలు వార్డెను ఆమె గది గుమ్మంలో కొత్త పిల్లల ట్రంకు పెట్టెలు దింపించింది. ఆమె కూతురు ఫోనులో ప్రతి సాయంత్రమూ ఒకే ప్రశ్న అడిగేదట, ప్రతి సాయంత్రమూ ఆమె మాట మార్చేవారట. ఈ సంగతి ఆమె మాకు చెప్పలేదు. రక్తపోటు చూపించుకోవడానికి వెళ్ళిన మా ఆవిడతో చెప్పారు. మా ఆవిడ నాతో చెప్పింది. నేను ఉపసంఘంతో చెప్పాను. ఉపసంఘం సానుభూతి తీర్మానం చేసింది.

*

మహాదీపధారి గారు స్వయంగా పదవీ స్వీకారానికి విచ్చేస్తున్నారని కబురు వచ్చింది. ముహూర్తం దగ్గర పడింది. గడప మాత్రం లేదు.

దారి చూపింది ఫల్గుణరావు గారే. ఇంటిని వెతకడం మన పని కాదు, ఇంటికి నిర్వచనం వెతకడమే మన పని అన్నారు. ఆ రాత్రికే నియమావళికి సవరణ తయారైంది. గృహమనగా గడపయు, తలుపును, కిటికీయు, కప్పును కలిగి, మనుష్యుడు నివసింపదగిన యే కట్టడమైనను. అది ఇటుకలతోనే కట్టాలని అందులో ఎక్కడా లేదు.

సర్వేశ్వరం గారి మండపంలో పెళ్ళిళ్ళకు రాజమహళ్ళు, ఏనుగులు, హంసలు తయారుచేసే సెట్టింగుల మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఆయన చేత వేదిక మీద ప్లైవుడ్‌తో ఒక ఇల్లు కట్టించాము. పసుపు రాసిన గడప, మామిడి తోరణం, కిటికీకి లేత నీలం పరదా, గోడ మీద రంగులతో వేసిన తులసికోట. తలుపు నిజంగానే మూసుకునేది, లోపల గడియ కూడా పెట్టించాము. లోపల ఒక నవారు మంచం పడుతుంది. చూసిన వాళ్ళందరూ ముచ్చటపడ్డారు. మా ఇళ్ళలో ఏ ఒక్కటీ అంత అందంగా లేదు.

నీమా వచ్చి చూశారు. గోడను వేలితో తట్టారు, కిటికీ తెరిచి మూశారు.

"ఇందులో నేను ఉండొచ్చాండి?"

"ఉండొచ్చా అని అడుగుతారేమిటమ్మా?" అన్నారు సర్వేశ్వరం గారు పొంగిపోతూ. "నియమం ప్రకారం ఇది మీ ఇల్లు. మీ పదవీకాలం ఉన్నన్నాళ్ళూ మీదే. ఎవరైనా కాదంటే క్లబ్బు క్లబ్బంతా అడ్డు నిలుస్తుంది."

"ఆ మాట మహాదీపధారి గారి ముందు కూడా చెబుతారా సార్?"

"మైకులో చెబుతానమ్మా."

చెప్పారు కూడా. ఆదివారం ఉదయం మండపం కిటకిటలాడింది. మహాదీపధారి గారు వేదికనెక్కి, రంగు అనేది వస్తువులో లేదని, అది కేవలం చూసేవారి కంటిలోని దోషమని, ఆ దోషాన్ని కొత్తరేవు శాఖ శస్త్రచికిత్స లేకుండానే తొలగించుకున్నదని ప్రశంసించారు. ఆయన వెంట మేమందరమూ చేయి చాచి, ఇకమీదట ఏ రంగునూ చూడమని ప్రమాణం చేశాము. ఆ ప్రమాణం చేసి బయటికి వెళ్ళిన దీపధారి ఒకరు, కూడలిలో ఎర్రదీపం దాటిపోయి, కానిస్టేబులుకు తన నిష్ఠను గురించి చాలాసేపు వివరించవలసి వచ్చింది.

సర్వేశ్వరం గారు మైకు అందుకొని, ఈ గృహమునందు అధ్యక్షురాలికి సర్వహక్కులూ కలవని, ఆమెను కదిలించు శక్తి ఎవరికీ లేదని మూడు భాషల్లో ప్రకటించారు. చప్పట్లు మోగాయి. కెమెరాలు మెరిశాయి. నీమా దీపాన్ని, సభ నడిపే గంటను అందుకొని, కుడికాలు ముందు పెట్టి గడప దాటారు. దాటి, సంచిలోంచి ఒక చిన్న స్టవ్వు, ఒక ఇత్తడి గిన్నె, ఒక పాల ప్యాకెట్టు తీశారు. సభంతా చూస్తూండగా పాలు కాచారు. పాలు పొంగి గిన్నె అంచు దాటాయి.

"మన సంస్కృతిని ఎంత చక్కగా ఆకళించుకున్నారు," అన్నారు మహాదీపధారి గారు చెమ్మగిల్లిన కళ్ళతో. కవచం ప్రకటించి, భోజనం చేసి, కారెక్కారు.

*

కారు మలుపు తిరిగాక సర్వేశ్వరం గారు వేదిక దగ్గరకు వచ్చారు. మర్నాడు తెల్లవారుజామున మండపంలో పెళ్ళి ఉంది. మగపెళ్ళివారు సాయంత్రానికే దిగుతారు. సెట్టింగుల మేస్త్రీ మనుషులు సుత్తులు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

ప్లైవుడ్ ఇంటి తలుపు మూసి ఉంది. కిటికీలోంచి రెండు సూట్‌కేసులు, మంచం, మంచం మీద మడిచి పెట్టిన శాలువాలు కనిపిస్తున్నాయి.

"అమ్మా, కార్యక్రమం అయిపోయింది," అన్నారు ఆయన తలుపు తట్టి.

"అవునండి. బాగా జరిగింది," అంది లోపలి గొంతు.

"మరి, తమరు బయటికి వస్తే..."

"ఎక్కడికండి? హాస్టలు గది పొద్దునే అప్పజెప్పేశాను. ఇల్లు దొరికిందని చెప్పాను."

సర్వేశ్వరం గారి ముఖం చూసి నాకు జాలి వేసింది. "అది మాటవరసకు ఇల్లమ్మా. రేపిక్కడ పెళ్ళి పీటలు వేయాలి."

"వేసుకోండి సార్. నాకేం ఇబ్బంది లేదు. నేను తలుపేసుకుంటాను."

అత్యవసర సమావేశం పెట్టి ఇంటిని తొలగించాలని నిశ్చయించాము. అయితే అధ్యక్షుడు గంట కొట్టనిదే సమావేశం మొదలు కాదు. గంట అధ్యక్షురాలి దగ్గర ఉంది. అడిగాము. కిటికీ పరదా తొలిగింది, చేయి బయటికి వచ్చింది, గంట మోగింది. వేదిక కింద కుర్చీల్లో కూర్చుని, కిటికీ కేసి తలెత్తి చూస్తూ సభ జరిపాము.

"ఇల్లు తీసేయాలని ప్రతిపాదించింది సర్వేశ్వరం గారు," అన్నారు నీమా కిటికీలోంచి. "బలపరిచేవారు ఎవరండి? నియమం ప్రకారం ఆ పేరు మహాదీపధారి గారికి రాసి పంపాలి."

అప్పటికే ప్రతి దీపధారి ఫోనులోనూ ఆ ఇంటి గడప మీద మహాదీపధారి గారి పక్కన నిలబడిన ఫొటో ఉంది. కొందరు దానిని బంధువులకు పంపించారు. వాచస్పతి గారు నేల చూశారు. ఫల్గుణరావు గారు పంకా చూశారు. నేను వాళ్ళిద్దరినీ చూశాను.

"బలపరిచేవారు లేరు కాబట్టి ప్రతిపాదన వీగిపోయింది," అన్నారు అధ్యక్షురాలు. గంట మోగింది. పరదా మూసుకుంది.

అంతలో మగపెళ్ళివారు రానే వచ్చారు.

*

వాళ్ళు రేవుపేట వాళ్ళు, పడవలున్న బెస్తవారు. ముందు పెళ్ళికొడుకు నాయనమ్మ దానమ్మ దిగింది. చెవులకు బరువైన పోగులు, చేతిలో తమలపాకుల సంచి, చేపల వేలంలో తిరిగి తిరిగి రాటుదేలిన గొంతు. ఆమె మా ఎవరినీ పలకరించలేదు. నేరుగా వేదిక ఎక్కి, కిటికీలోంచి లోపలికి తొంగిచూసింది.

"ఇదేటిది? పెళ్ళికొడుకు ఇడిదా? ఎవులమ్మా నువ్వు?"

"ఈ ఇంటామెనండి," అన్నారు నీమా, లేచి వచ్చి.

దానమ్మ ఆమెను పైనుంచి కిందికి తాపీగా చూసింది. "మాకన్నా నలుపే నువ్వు. మేమంటే ఎండకు కమిలినోళ్ళం. నీకేటి, పుట్టుకేనా?"

కుర్చీల్లో ఉన్న దీపధారులందరమూ ఒక్కసారిగా లేచి నిలబడ్డాము. ఇన్నాళ్ళకు, ఇన్ని సమావేశాల తరువాత, ఊళ్ళో వర్ణవివక్ష మా కళ్ళెదుట ముఖాముఖిగా దొరికింది. వాచస్పతి గారి గొంతు ఉద్వేగంతో వణికింది.

"ఏమమ్మా. సదరు పదమును తాము తక్షణమే ఉపసంహరించుకొనవలెను. ఈ సంస్థ దానిని తీవ్రముగా ఖండించుచున్నది."

"ఏ పదం బాబూ?" అంది దానమ్మ తెల్లబోయి.

వాచస్పతి గారు ఆ పదాన్ని ఉచ్చరించలేకపోయారు. ప్రమాణం అడ్డం వచ్చింది.

"పుట్టుకేనండి," అన్నారు నీమా, నవ్వుతూ. చాలా రోజుల తరువాత ఆమె నవ్వడం అదే చూశాను. "మా అమ్మ ఇంకా నలుపు."

"మరి ఈ పెట్టెలో ఎందుకున్నావు తల్లీ? ఊళ్ళో ఇళ్ళు లేవా?"

"నా స్థాయికి తగ్గవి లేవంటున్నారు మామ్మా."

దానమ్మ కిందికి, మా వైపు, వరసగా ఒక్కొక్కరి కేసీ చూసింది. రోజంతా చేపను చూసి ధర కట్టే కన్ను అది. చూడడం పూర్తయ్యాక మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

"ఒక్కదానివేనా? పిల్లలేటి?"

"ఒక పాప. ఇల్లు దొరికితే తెచ్చుకుంటాను."

"మగోడు?"

"పోయాడు మామ్మా."

"మా మీదిల్లు ఖాళీయే. మా సిన్నోడు కట్టించాడు, కోడలు కిందే ఉంతానంది. ఎండు చేపల వాసనొస్తాది. పడతాదా?"

"మా ఊరు పెద్ద సరస్సు ఒడ్డు. ఇంటి ముందు చిన్న చేపలు ఎండబెడతాం. ఆ వాసన లేకే ఇక్కడ నాకు నిద్ర పట్టదు."

"తాగుతావా?"

"లేదు మామ్మా."

"తాగితే చెప్పు, దాచకు. పొద్దుపోయాక తలుపు కొడితే నేను తియ్యను, ఎవులైనా ఒకటే. అద్దె అందరికాడా ఎంతో నీకాడా అంతే. ఒక పైసా తగ్గించను."

"తగ్గించకండి," అన్నారు నీమా. తలుపు గడియ తీసి బయటికి వచ్చారు. ఆ తరువాత మండపం మూలకు వెళ్ళి ఎవరికో ఫోను చేశారు. ఆ భాష మాకు తెలియదు. మధ్యలో అమాని అన్న పేరు మాత్రం పదేపదే వినిపించింది. అవతల ఒక చిన్న గొంతు వేసిన కేక, ఫోను దాటి, మాకు కూడా వినిపించింది.

సర్వేశ్వరం గారు చల్లగా ఊపిరి పీల్చుకున్నారు. "అంతా మంచికే జరిగింది. మన క్లబ్బు కృషి ఫలించింది," అన్నారు. ఇంకొద్ది క్షణాల్లో ఆయన ధన్యవాద తీర్మానం కూడా చేయించేవారే. అంతలో ఫల్గుణరావు గారు నియమావళి మూసి, మెల్లగా ఆయన చెవిలో ఏదో చెప్పారు.

దీపం అధ్యక్షురాలి గడప లోపల ఉండాలి. ఊరేగింపుగానే వెళ్ళాలి. గడప ఇప్పుడు రేవుపేటలో ఉంది.

*

పెళ్ళి మర్నాడు సాయంత్రం దీపాన్ని ఊరేగించాము. కొత్తరేవులో పుట్టి పెరిగినా మాలో చాలామందికి రేవుపేట దారి తెలియదు. నీమా ముందు నడిచారు, ఆమె వెనుక బ్యాండు, బ్యాండు వెనుక పట్టీలు, పతకాలు ధరించిన మేము. వలలు ఎండేసిన సందుల్లో ఒకరి వెనుక ఒకరం ఒదిగి నడిచాము. అరుగుల మీద ఆడవాళ్ళు పని మాని మమ్మల్ని చూశారు. ఎవరో, నిన్నటి పెళ్ళి మళ్ళీ జరుగుతోందా అని అడిగారు.

దానమ్మ ఇంటి మెట్ల మొదట్లోనే ఊరేగింపు ఆగిపోయింది. ఆమె మెట్లకు అడ్డంగా కూర్చుని ఉంది. నీమాను, దీపాన్ని దాటనిచ్చి, మళ్ళీ యథాస్థానంలో కూర్చుంది.

"ఈల్లంతా ఎవులమ్మా?" అని వెనక్కి తిరిగి అడిగింది.

"మా క్లబ్బు వాళ్ళు మామ్మా. నెలకోసారి మన ఇంట్లోనే సమావేశం."

"ఇంతమందే? నాకు చెప్పలేదేటి? గోల చేస్తారా?"

"ఉపన్యాసాలు ఇస్తారు."

"ఎంతసేపు?"

"నేను గంట కొట్టేదాకా."

వాచస్పతి గారు ఒక అడుగు ముందుకు వేసి, దీపస్తంభ సేవా క్లబ్బు యొక్క చరిత్రను, ఆశయములను, సాధించిన కవచములను క్రమముగా నివేదించడానికి ఉపక్రమించారు. దానమ్మ చేయి అడ్డం పెట్టింది. ఆమెకు చరిత్ర అక్కరలేదు. ఆమె నీమానే చూస్తోంది.

"అదంతా నాకెందుకు. నువ్వు సెప్పు. నా ఇంట్లోకి రానివ్వాలంటే నాకు తెలియాలి. మంచోళ్ళేనా?"

బ్యాండు ఆగిపోయింది. నీమా మెట్ల మీద నిలబడి, దీపం రెండు చేతులతో పట్టుకుని, మా కేసి చూశారు. సర్వేశ్వరం గారిని చూశారు. ఫల్గుణరావు గారిని చూశారు. నన్ను కూడా చూశారు. ఊళ్ళో అందరి గుణగణాలనూ తీర్మానాల ద్వారా నిర్ణయించిన మేము, మా గుణం గురించి మరొకరి జవాబు కోసం మొట్టమొదటిసారి రోడ్డు మీద నిలబడ్డాము. నుదుటి చెమట తుడుచుకోవడానికి కూడా ఎవరికీ చేయి రాలేదు.

"నాకూ ఇంకా పూర్తిగా తెలియదు మామ్మా," అన్నారు నీమా చివరికి. "ఏడాది చూద్దాం."

దానమ్మ మోకాళ్ళ మీద చేతులు వేసుకుని లేచి, పక్కకు జరిగింది.

"సరే, రండి. చెప్పులిక్కడ ఇప్పండి."

ఇప్పాము.